తగినంత ఉప్పు

పాన్‌కేక్ మీద బుడగలు లేచి పగిలాక, ఆ గుంటలు మళ్ళీ పూడిపోకుండా అలాగే నిలిచాయంటే ఇక తిరగెయ్యాలని అర్థం. ఆ సంగతి కనిపెట్టిన రోజున వసుమతి గుంటూరులో ఉన్న చెల్లెలికి రెండు పేజీల ఉత్తరం రాసింది. తరువాత ఎన్ని వందల పాన్‌కేకులు వేసిందో గాని, ఇప్పటికీ ఆ బుడగలు పగిలే క్షణం కోసం పెనం మీదికి వంగి చూస్తూనే ఉంటుంది.

ఆ శుక్రవారం పొద్దున్న ఆరింటికి కూడా అలాగే వంగి చూస్తోంది. నేత చీర మీద స్వెట్టరు, స్వెట్టరు మీద తెల్ల ఏప్రన్, కాళ్ళకి కాన్వాస్ బూట్లు. బయట నవంబరు చలికి కిటికీ అద్దం అంచులు తెల్లగా గడ్డకట్టాయి. పాన్‌కేక్ తిరగేసి, ప్లేటులోకి జార్చి, పక్కనున్న ఇత్తడి గంటని చేత్తో కొట్టింది. టింగ్!

"నేను నీ ఎదురుగానే ఉన్నాను కదా వసూ, ఆ గంట ఎందుకు?" అన్నాడు శ్యామ్‌సుందర్, బేకన్ అనే పందిమాంసపు ముక్కలు వేయిస్తున్న రెండో పొయ్యి దగ్గర్నించి.

"గంట ఉన్నది కొట్టడానికి కాదుటండీ? ఆర్డర్ రెడీ అని చెప్పాలి."

"సరే మేడమ్," అని అతను నవ్వి ప్లేటు అందుకున్నాడు. పెళ్ళయి ఏడాదైంది. వసుమతి అమెరికా వచ్చి తొమ్మిది నెలలు. ఇద్దరూ ఇంకా ఒకరి మాటకి ఒకరు ఊరికే నవ్వుకునే రోజులు.

మిషిగన్‌లో హార్ట్‌వెల్ అనే ఆ ఊళ్ళో ఉన్నది ఒక్కటే ట్రాఫిక్ లైటు. ఆ లైటు పక్కనే ఈ 'డోరతీస్'. డోరతీ అనే పెద్దావిడ ముప్పై ఒక్క సంవత్సరాలు నడిపి, కీళ్ళ నొప్పులు భరించలేక ఈ సెప్టెంబరులోనే ఫ్లోరిడాలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. జూన్‌లో శ్యామ్‌సుందర్ పనిచేసే కార్ల విడిభాగాల కంపెనీ అతని డిపార్ట్‌మెంటునే ఎత్తేసింది. ఆ బాధ మరిచిపోదామని జూలైలో సరస్సులు చూడటానికి కారులో బయల్దేరి, దారిలో ఇక్కడ ఆగారు. వసుమతి జీవితంలో మొదటి పాన్‌కేక్ తిన్నది ఇక్కడే. తింటూ తింటూ కిటికీలో ఉన్న బోర్డు చూసింది. నడపడానికి మనుషులు కావాలట.

"మనం తీసుకుందామండీ," అంది, నోట్లో పాన్‌కేక్ ఉండగానే.

డెట్రాయిట్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్ళంతా ఒకే మాట అన్నారు. హోటలే పెట్టాలనుకుంటే ఇడ్లీ, దోశ పెట్టండి, ఆదివారం ఆదివారం మేమంతా వస్తాం అని. వసుమతికి ఒళ్ళు మండింది. "ఈ దేశంలో ఎవరు పడితే వాళ్ళు పిజ్జా చేస్తున్నారు. నేను మాత్రం ఇడ్లీయే చెయ్యాలని నా నుదుటి మీద రాసి ఉందా?" అని అడిగింది. సెప్టెంబరులో తాళం చెవులు తీసుకున్నారు. బోర్డు మీద డోరతీ పేరు అలాగే ఉంచేశారు.

బేకన్, సాసేజ్, మాంసం పనులన్నీ శ్యామ్‌సుందర్‌వి. శాకాహారి ఇంట పుట్టిన వసుమతి గుడ్డు వరకూ రాజీపడింది. పాన్‌కేకులు, బంగాళదుంప వేపుడు, సూపులు ఆవిడ రాజ్యం. డోరతీ రేకుపెట్టె నిండా వంటల కార్డులు వదిలి వెళ్ళింది. ప్రతి కార్డు చివరా ఒకటే మాట: ఉప్పు, రుచి చూసుకుని, తగినంత.

ఆ మాట చూసి వసుమతి నవ్వుకుంది. ముప్పై ఏళ్ళు వండిన మనిషికి ఇంకా రుచి చూడాలా? గుంటూరులో వాళ్ళింట్లో వండుతూ రుచి చూడటమనేది లేదు. గరిట నాలుకకి తగిలిందా, గిన్నెడు పులుసూ ఎంగిలే. ముందు దేవుడికి చూపించాలి, తరువాత ఇంట్లోవాళ్ళు తినాలి, వండినవాళ్ళు ఆఖర్న. అమ్మ పులుసు మరిగే వాసన పట్టి ఉప్పు చెప్పేది. ఆ ముక్కే తనకీ వచ్చిందని వసుమతి గర్వం. వెన్న కరిగించి, బస్తాలో వచ్చే తయారు పిండిలో కలిపి, గుప్పిట్లోంచి ఉప్పు జల్లుతుంటే ఆ చెయ్యి అచ్చం అమ్మ చెయ్యిలా ఉందని మురిసిపోయేది. మూడింటికి హోటలు మూసి పై అంతస్తులోని ఇంటికి వెళ్ళాకే తన భోజనం. పెరుగన్నం, ఆవకాయ.

ఆ పొద్దున్న కౌంటరు దగ్గర ముగ్గురే ఉన్నారు. ఒకప్పుడు ఇదే వేళకి ఇరవై మంది ఉండేవారని డోరతీ చెప్పింది. వాల్టర్ అనే ముసలి రైతు సగం పాన్‌కేక్ వదిలేసి టోపీ పెట్టుకున్నాడు.

"ఎలా ఉంది వాల్టర్?"

"చాలా... కడుపు నిండిందమ్మా," అన్నాడు. "ఇంకో కప్పు కాఫీ ఉందా? కాసిని మంచినీళ్ళు కూడా."

ఆయన వెళ్ళాక వసుమతి ఖాళీ కాఫీ కుండ పైకెత్తి చూపించింది. "చూశారా, ముగ్గురు మనుషులకి రెండు కుండలు! నా కాఫీ తాగినట్టు ఎవరి కాఫీ తాగరండీ ఈ ఊళ్ళో."

శ్యామ్‌సుందర్ ఆ సగం పాన్‌కేక్ వైపు చూసి, ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. తరువాత చేతులు తుడుచుకుంటూ వేరే మాట చెప్పాడు.

"రాత్రి అన్నయ్య ఫోన్ చేశాడు. రేపు వదినా తనూ వస్తున్నారు."

"అక్కయ్య పులిహోర తెస్తుందా?"

"వసూ, హ్యూస్టన్ నించి ఆఫర్ లెటర్ వచ్చింది. ఆయిల్ కంపెనీ. అన్నయ్యే స్నేహితుడితో చెప్పించాడు. సోమవారం లోపల జవాబు చెప్పాలిట. రేపు నాచేత ఊఁ అనిపించుకుని వెళ్ళాలని వస్తున్నాడు."

వసుమతి గరిట కింద పెట్టింది. "మరి మీరేమంటారు?"

"రెండు నెలలైంది. ముగ్గురు వస్తున్నారు. ఇలా అయితే జనవరికి మనమే మూసేస్తాం."

"మీరేమంటారని అడిగాను. జనవరి ఏమంటుందని కాదు."

అతను బేకన్ ముక్కలు తిరగేశాడు. ఇరాన్‌లో అమెరికన్లు బందీలుగా ఉన్న రోజులవి. మొదటి వారంలో ఒకతను తలుపు తీసి, కౌంటరు వెనకున్న వాళ్ళిద్దర్నీ చూసి, "ఇరానియన్లా?" అని అడిగి, జవాబు వినకుండానే వెళ్ళిపోయాడు. అది ఇద్దరికీ గుర్తుంది. ఎవరి నోటా మళ్ళీ రాలేదు.

"హ్యూస్టన్‌కి మీరు వెళ్ళి చూసి రండి," అంది వసుమతి, తరువాతి పాన్‌కేక్ పోస్తూ. "నేను ఇక్కడే ఉండి మీకు ఉత్తరాలు రాస్తాను. బుడగల గురించి."

*

శనివారం నవంబరు పదిహేను. మిషిగన్‌లో జింకల వేట మొదలయ్యే రోజు. నారింజ రంగు కోట్లు తొడుక్కున్న వేటగాళ్ళు తెల్లవారకముందే ఊరి మీదుగా అడవిలోకి వెళ్ళిపోయారు. తొమ్మిదింటికి హోటల్లో ఒక్కరూ లేరు. సరిగ్గా అప్పుడే అన్నయ్య రామమోహన్ కారు వచ్చి ఆగింది.

శ్యామ్‌సుందర్ కంటే పన్నెండేళ్ళు పెద్ద ఆయన. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇల్లు, పెద్ద కార్ల కంపెనీలో ఇంజినీరు. తమ్ముణ్ణి స్పాన్సర్ చేసి ఈ దేశం తెచ్చిందీ, మొదటి ఉద్యోగం ఇప్పించిందీ, పెళ్ళికి వెళ్ళి దగ్గరుండి జరిపించిందీ ఆయనే. గోధుమరంగు ఓవర్‌కోటు, మెడలో మఫ్లరు. వెనక ఆయన భార్య రాధారాణి స్టీలు క్యారియరు పట్టుకుని, జారే మెట్ల మీద జాగ్రత్తగా అడుగులేస్తూ వచ్చింది.

"వసూ, ఇదేం చలే తల్లీ! మా ఊరే నయం," అంటూ క్యారియరు కౌంటరు మీద పెట్టి తోడికోడల్ని దగ్గరికి తీసుకుంది. "పులిహోర. ఈయనకి ఉప్పు లేకుండా విడిగా తెచ్చాను. బి.పి. మళ్ళీ పెరిగింది. డాక్టరు చిటికెడు ఉప్పు కూడా వద్దన్నాడు."

రామమోహన్ కూర్చోలేదు. ఖాళీ కుర్చీలన్నీ ఒకసారి చూశాడు. తరువాత తమ్ముడి ఏప్రన్ చూశాడు.

"ఎన్ని బల్లలున్నాయిరా ఇక్కడ?"

"పద్నాలుగు అన్నయ్యా."

"ఎన్ని నిండాయి?"

శ్యామ్‌సుందర్ తల వంచుకున్నాడు.

"పద్నాలుగు బల్లల మధ్య ఒక్కడివీ నిలబడ్డావు. అదీ ఇంజినీరింగ్ చదివిన మనిషి. ఒరే శ్యామూ, నేను ఈ దేశం వచ్చినప్పుడు నా చేతిలో ఏమీ లేదు. అయినా లైబ్రరీలో పుస్తకాలు సర్దుకుంటూ ఎం.ఎస్. చేశాను. 'మావాడు లైబ్రరీలో పనిచేస్తూ చదువుతున్నాడు' అని నాన్నగారు వీధంతా చెప్పుకున్నారు. నీ గురించి ఏమని చెప్పుకోవాలి? ఊళ్ళోవాళ్ళ ఎంగిలి కంచాలు కడుగుతున్నాడనా?"

"కడుగుతున్నది సబ్బుతోనే అన్నయ్యా," అన్నాడు శ్యామ్‌సుందర్ మెల్లగా.

"వేళాకోళాలు వద్దు. వాళ్ళ దగ్గర ఉద్యోగం చేస్తే వాళ్ళు మనల్ని గౌరవిస్తారు. వాళ్ళ తిండి మనం వండి పెడితే ఎందుకు తింటారు? మన చేతి వంట వాళ్ళు తినరు. మన మొహం చూస్తేనే వాళ్ళకి ఆకలి పోతుంది. ఇన్నేళ్ళు ఇక్కడున్నవాణ్ణి, నాకు తెలియదా? సోమవారం పొద్దున్నే హ్యూస్టన్‌కి ఫోన్ చేస్తున్నావు. అంతే."

వంటింటి గుమ్మంలోంచి గొంతు వినిపించింది.

"చెయ్యరు బావగారూ."

ముగ్గురూ అటు తిరిగారు. పెళ్ళయి ఏడాదైనా వసుమతి బావగారితో ఎదురుగా నిలబడి మాట్లాడింది లేదు. ఏం కావాలన్నా అక్కయ్య ద్వారానే. ఇప్పుడు చేతిలో పిండి గరిటతో కౌంటరు దగ్గరికి వచ్చి నిలబడింది. గరిట లోంచి పిండి బొట్లు బొట్లుగా నేల మీద పడుతోంది.

"వసూ," అంది రాధారాణి, ఊరుకో అన్నట్టు.

"లేదక్కయ్యా, నన్ను చెప్పనీ. బావగారూ, మీరు మాకు చేసినదేదీ నేను మరిచిపోలేదు. కాని ఇది మేం కోరుకున్న పని. ఇడ్లీ పెడితే మనవాళ్ళు నవ్వరు, పాన్‌కేక్ పెడితే నవ్వుతారు. ఎందుకని? వాళ్ళ వంట వాళ్ళకంటే బాగా మనం చెయ్యకూడదా? మన మొహం చూసి లేచిపోయినవాళ్ళు ఒకరిద్దరున్నారు. ఉండనివ్వండి. వాళ్ళ కోసం నేను ఊరొదిలి పోను."

"మిగిలినవాళ్ళు ఎందుకు రావటం లేదమ్మా మరి?"

అది వసుమతికీ తెలియదు. రెండు నెలలుగా పొద్దున్న లేవగానే మొదట గుర్తొచ్చేది ఆ ప్రశ్నే. తెలియదని ఒప్పుకునే బదులు లోపలికి వెళ్ళింది. పెనం మీద అప్పుడే వేసిన పాన్‌కేకు ప్లేటులో పెట్టి, పక్కన బంగాళదుంప వేపుడు వేసి తెచ్చి ఆయన ముందు టక్కున పెట్టింది.

"తినండి. తిని, ఇది తినేది కాదని చెప్పండి. సోమవారం నేనే డయల్ చేసిస్తాను హ్యూస్టన్‌కి."

"వసూ!" శ్యామ్‌సుందర్ గొంతు ఎందుకో కంగారుగా ఉంది. "అన్నయ్యకి వద్దులే..."

"ఎందుకు వద్దు?"

రామమోహన్ ఓవర్‌కోటు విప్పకుండానే ఎత్తు స్టూలు మీద కూర్చున్నాడు. ఫోర్కుతో ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. రెండుసార్లు నమిలాడు. తరువాత నమలటం ఆపేశాడు. కాగితం న్యాప్‌కిన్ తీసుకుని, నోటికి అడ్డం పెట్టుకుని, చాలా మర్యాదగా బయటికి తీసేశాడు.

"ఉప్పు," అన్నాడు.

"ఏమిటండీ?"

"ఉప్పమ్మా ఉప్పు! పాన్‌కేక్‌లో ఉప్పేమిటి? ఇది తింటే నా డాక్టరు నన్ను ఇక్కడే అంబులెన్సు ఎక్కిస్తాడు. రాధా, కాసిని నీళ్ళు!"

వసుమతికి నవ్వొచ్చింది. బావగారు ఉప్పులేని తిండికి అలవాటు పడ్డారు, అందుకే అలా అనిపిస్తోందనుకుంది. సాక్ష్యం కోసం మొగుడి వైపు చూసింది. శ్యామ్‌సుందర్ నేల మీది పిండి చుక్కల్ని లెక్కపెడుతున్నట్టు కిందికి చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. పెనం మీద ఇంకో పాన్‌కేక్ ఉంది. దేవుడికి చూపించనిది, ఎవరూ తిననిది. ఒక ముక్క తుంచింది. వేళ్ళు కాలాయి. ఇరవై మూడేళ్ళ జీవితంలో మొదటిసారి, పొయ్యి ముందు నిలబడి, తను వండుతున్నదాన్ని నోట్లో పెట్టుకుంది.

జూలైలో తిన్న పాన్‌కేక్ మెత్తగా, తియ్యగా, వెన్న వాసనతో నోట్లో కరిగిపోయింది. ఇది సముద్రపు నీళ్ళతో కలిపినట్టుంది. వేపుడు దుంప కొరికింది. అది మరీ అన్యాయం. సూపు గరిటతో ఇంత తీసుకుని తాగింది. కళ్ళవెంట నీళ్ళొచ్చాయి.

గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "మీకు తెలుసా?" అని అడిగింది మొగుణ్ణి.

"మొదటి రోజు బాగుందన్నాను కదా వసూ... రెండో రోజు ఎలా మారుస్తాను? ఒకసారి 'ఉప్పు కాస్త' అన్నాను. గుర్తుందా? నువ్వు ఆ రోజంతా నవ్వలేదు. ఆ గంట కూడా కొట్టలేదు."

"నా మొహం వాడిపోతుందని హోటలు ఎండబెడతారా? అది ప్రేమేనా?"

"అమెరికావాళ్ళు కూడా ఏమీ అనటం లేదు కదా, నాకే అలా అనిపిస్తోందేమో అనుకున్నాను."

"అనరు! కాఫీ అడుగుతారు!" అంది వసుమతి. వాల్టరు అడిగిన మంచినీళ్ళు, రోజుకి ఆరు కుండల కాఫీ, వదిలేసిన సగం సగం ప్లేట్లు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. "నా కాఫీ అంత బాగుంటుందనుకున్నాను నేను. అమ్మ చేతి లెక్కలోనే వేశానే ఉప్పు..."

రాధారాణి అప్పటికే వంటింట్లోకి వచ్చి, బల్ల మీదున్న పసుపు రంగు వెన్న కడ్డీ కాగితం విప్పి, గోటితో కొద్దిగా గీకి నాలిక మీద పెట్టుకుంది. పెట్టుకోగానే నవ్వటం మొదలుపెట్టింది.

"ఓసి పిచ్చిదానా! ఈ దేశంలో వెన్నలో ఉప్పు వేసే అమ్ముతారే! నేనొచ్చిన కొత్తలో ఇదే వెన్న కాచి నెయ్యి చేశాను. ఆ నెయ్యితో మీ బావగారి పుట్టినరోజుకి లడ్డూలు చుట్టాను. నలుగురు స్నేహితుల్ని పిలిచాం. నలుగురూ ఒక్కొక్క లడ్డూ చేత్తో పట్టుకుని గంటసేపు కబుర్లు చెప్పారు గాని ఎవరూ రెండో ముక్క కొరకలేదు. ఈ పిండి బస్తాలో కూడా ఉప్పుంటుంది, చదువు, రాసే ఉంటుంది."

"కెమిస్ట్రీలో ఫస్టు క్లాసు నేను," అంది వసుమతి, గోడకి ఆనుకుని. సోడియం క్లోరైడు ముందు తను ఇలా ఓడిపోతుందని ఎవరు మాత్రం అనుకున్నారు? నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఏప్రన్ చెంగుతో మొహం తుడుచుకుంది.

రామమోహన్ గొంతు సవరించుకున్నాడు. గెలిచిన మనిషి నెమ్మది వచ్చింది ఆ గొంతులో. "పోనీలే అమ్మా, ఏడవకు. ఇందుకే మనకి రాని పనుల్లోకి దిగకూడదన్నాను. తేలిపోయింది కదా. ప్లేటు తిని చెప్పమన్నావు. చెప్పాను. సోమవారం ఫోన్..."

"లేదు బావగారూ." వసుమతి ఏప్రన్ కిందికి దించింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని, మెరుస్తున్నాయి. "ఆ పందెం నేను వెనక్కి తీసుకుంటున్నాను. మాట తప్పానంటే అనుకోండి. రెండు నెలలుగా నేనేమనుకుంటున్నానో మీకు తెలుసా? ఈ ఊరికి నేనే నచ్చలేదనుకుంటున్నాను. నా చీర నచ్చలేదు, నా బొట్టు నచ్చలేదు, నా రంగు నచ్చలేదని. మీరూ అదే అన్నారు. అది కాదట! ఉప్పు! నా రంగు నేను మార్చలేను బావగారూ, మార్చుకోను కూడా. ఉప్పు మార్చగలను."

ఆవిడ వెనక్కి తిరిగి, పిండి గిన్నె రెండు చేతులా ఎత్తి చెత్తడబ్బాలో బోర్లించింది. సూపు కుండ ఎత్తి తొట్టిలో పారబోసింది. కొత్త గిన్నె తీసి కడిగింది.

"రుచి చూస్తావా మరి ఇప్పుడైనా?" అని అడిగింది రాధారాణి.

"ప్రతి గరిటకీ చూస్తాను. డోరతీ ప్రతి కార్డు మీదా రాసి మరీ వెళ్ళింది. నేనే ఆవిడకి చేతకాదనుకున్నాను."

*

పదకొండు గంటలకి మొదటి పికప్ ట్రక్కు వచ్చి ఆగింది. దాని వెనక రెండు, ఆ వెనక ఇంకో నాలుగు. తెల్లవారుజాము నుంచి మంచులో చెట్ల చాటున కూర్చున్న వేటగాళ్ళు ముక్కులు ఎర్రగా చేసుకుని, బూట్లు దులుపుకుంటూ గుంపులుగా లోపలికి వచ్చారు. ఎక్కడెక్కడి ఊళ్ళవాళ్ళో. వాళ్ళకి ఈ హోటలు సంగతి ఏమీ తెలియదు. ఆకలి మాత్రం బాగా తెలుసు. చూస్తుండగానే పద్నాలుగు బల్లలూ నారింజ రంగైపోయాయి.

వసుమతి ఎప్పుడూ లేనంత వేగంగా పనిచేసింది. ఉప్పు చిటికెడు కూడా ముట్టుకోకుండా పిండి కలిపి, మొదటి పాన్‌కేకు ముక్క నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "ఇదీ!" అని గట్టిగా అరిచింది. జూలై తిరిగి వచ్చింది. టింగ్! టింగ్! గంట మోగుతూనే ఉంది. శ్యామ్‌సుందర్ ఒక చేత్తో బేకన్ తిప్పుతూ రెండో చేత్తో ప్లేట్లు అందించి, పరుగున వెళ్ళి పెట్టి వస్తున్నాడు. రాధారాణి పట్టుచీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని కాఫీ పోయటానికి బయల్దేరింది. "హనీ, కొంచెం ఇటు" అని ఎవరో పెద్దాయన పిలిస్తే, మొదట ఉలిక్కిపడి, తరువాత సిగ్గుపడి, ఆయనకి కప్పు పొంగేదాకా పోసింది.

రామమోహన్ కోటుతో సహా తలుపు పక్కన ఒదిగి నిలబడ్డాడు. ఖాళీ ప్లేట్లు బల్లల మీద పేరుకుపోతున్నాయి. నిలబడ్డవాళ్ళు కూర్చోవటానికి చోటు లేదు. శ్యామ్‌సుందర్ కంగారుగా ప్లేట్లూ గ్లాసులూ కలిపి ఒకే ట్రేలో పేర్చి ఎత్తబోయాడు. గ్లాసు ఒకటి జారి పగిలింది.

"అలా కాదురా!"

ఆ మాట రామమోహన్ నోట్లోంచి తెలియకుండానే వచ్చేసింది. మఫ్లరు తీశాడు. కోటు తీసి కొక్కేనికి తగిలించాడు. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచాడు. బల్ల దగ్గరికి వెళ్ళి, మిగిలిన తిండంతా ఒకే ఒక్క ఊపుతో పై ప్లేటులోకి గీకి, ఫోర్కులన్నీ ఒక పక్కకి తిప్పి, మూడు ప్లేట్లు ఎడమ ముంజేతి పొడుగునా వరసగా నిలబెట్టి, నాలుగోది వేళ్ళ మధ్య ఇరికించి, కుడిచేత్తో గ్లాసులు అయిదు గుత్తిగా పట్టుకుని, జనం మధ్యలోంచి పక్కకి తిరిగి నడుస్తూ తొట్టి దగ్గరికి చేరాడు. ఒక్క చప్పుడు కాలేదు.

"గ్లాసులు ముందు కడగాలి. జిడ్డు ప్లేట్లు ఆఖర్న," అన్నాడు తమ్ముడితో, నీళ్ళ గొట్టం తిప్పుతూ. "వేడి నీళ్ళు ఇంకా వేడిగా పెట్టు. నువ్వు వెళ్ళి బేకన్ చూసుకో. మాడుతోంది."

రాధారాణి కాఫీ కుండతో గుమ్మంలో నిలబడిపోయింది. పదమూడేళ్ళు కాపురం చేసిన మనిషి వైపు కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది.

"ఏమండీ, ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారు?"

ఆయన చేతులు ఆగలేదు. నురగలోంచి గ్లాసు తీసి, వెలుతురుకి ఎత్తి చూసి, బోర్లించాడు.

"లైబ్రరీలో," అన్నాడు.

వసుమతి గరిట గాలిలోనే ఆగింది. పెనం మీద బుడగలు పగులుతున్నాయి.

"యూనివర్సిటీ క్యాంటీన్లో," అన్నాడాయన, వెనక్కి తిరగకుండానే. "రెండేళ్ళు. రోజుకి అయిదు వందల ప్లేట్లు. నాన్నగారికి లైబ్రరీ అని రాశాను. ఆయన అందరికీ చెప్పుకున్నారు. ఆయన పోయేదాకా ఆ మాట అలాగే ఉండిపోయింది. తరువాత ఇక ఎవరికి చెప్పాలో నాకు తెలియలేదు."

"నాతో చెప్పచ్చుగా," అంది రాధారాణి.

"నీకూ లైబ్రరీ అనే చెప్పాను కదా పెళ్ళిచూపుల్లో."

శ్యామ్‌సుందర్ అన్న పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. తువ్వాలు తీసుకుని కడిగిన గ్లాసులు తుడవటం మొదలుపెట్టాడు. "నువ్వు కడిగినట్టు నాకు రావటం లేదన్నయ్యా," అన్నాడు చివరికి.

"వస్తుంది. రెండేళ్ళు పడుతుంది." ఆయన ముక్కు భుజానికేసి తుడుచుకున్నాడు. "నువ్వు ఇంటికి రాసే ఉత్తరాల్లో ఏం చేస్తున్నావో అదే రాయి. అబద్ధం రాయకు. చాలా బరువు అది."

వసుమతి గంట కొట్టింది. టింగ్! ఎవరో ఒకరు కదలకపోతే అందరూ అక్కడే ఏడ్చేటట్టున్నారు. "ఏడో బల్లకి మూడు ప్లేట్లు! బావగారూ, ఒకేసారి మూడూ మీరే తీసుకెళ్ళగలరు, వీరికి చేతకాదు!"

రామమోహన్ చేతులు తుడుచుకుని మూడు ప్లేట్లూ ఒకే చేతి మీద ఎత్తుకుని వెళ్ళాడు. ఏడో బల్ల దగ్గర వేటగాళ్ళ మధ్య వాల్టరు ఉన్నాడు. వాళ్ళలో ఉన్న తన మనవణ్ణి చూడటానికి వచ్చి, రద్దీ చూసి ఆశ్చర్యపోయి, ధైర్యం చేసి ఒక పాన్‌కేక్ చెప్పాడు. ఒక ముక్క తిన్నాడు. ఆగాడు. ఇంకో ముక్క తిన్నాడు. తరువాత తలెత్తకుండా ప్లేటు ఖాళీ చేశాడు. రెండోది చెప్పినప్పుడు కాఫీ మాట ఎత్తలేదు.

*

మూడింటికి తలుపు మీద 'క్లోజ్‌డ్' అట్ట తిప్పారు. కిటికీ బయట సన్నగా మంచు మొదలైంది. నలుగురూ కిటికీ పక్క బల్ల దగ్గర కూలబడ్డారు. రాధారాణి క్యారియరు విప్పబోయింది.

"ఒక్క నిమిషం," అన్నాడు రామమోహన్. లోపలికి వెళ్ళి, పెనం మీద వెచ్చగా ఉంచిన ఆఖరి రెండు పాన్‌కేకులు ప్లేటులో పెట్టి, సిరప్ పోసి తెచ్చాడు. తన ముందు పెట్టుకోలేదు. తమ్ముడికి ఇవ్వలేదు. వసుమతి ముందు పెట్టాడు.

"ముందు మీరంతా..." అని లేవబోయింది వసుమతి.

"కూర్చోమ్మా. పొద్దుట్నించి వండిన మనిషివి. వేడిగా ఉన్నప్పుడు ముందు నువ్వు తిను."

ఆవిడ ఒక ముక్క తుంచి సిరప్‌లో ముంచి నోట్లో పెట్టుకుంది. ముగ్గురూ ఆవిడ మొహంలోకే చూస్తున్నారు. వసుమతి నెమ్మదిగా నమిలింది. తరువాత కనుబొమలు ముడిచింది.

"ఏమైంది?" అన్నాడు శ్యామ్‌సుందర్ భయంగా.

"ఉప్పు కాస్త తక్కువైందండీ."

రాధారాణి పకపకా నవ్వింది. రామమోహన్ బల్ల చివర ఉన్న ఉప్పు సీసా అందుకుని, ఆవిడ ప్లేటు దాకా నెట్టాడు.

"అందుకేనమ్మా, ఇది వీళ్ళు వంటింట్లో కాకుండా బల్ల మీద పెడతారు. ఎవరికి కావలసినంత వాళ్ళే వేసుకుంటారు," అని, తన ఉప్పులేని పులిహోర ముందుకి లాక్కున్నాడు. "సోమవారం హ్యూస్టన్‌కి నేను ఫోన్ చేస్తాన్లే. మావాడికి ఇక్కడ పని ఉంది, రాలేడని చెప్తాను."

"ఏం పని అని అడిగితే?"

ఆయన ఒక ముద్ద కలుపుకుంటూ తమ్ముడి వైపు చూశాడు.

"ఉన్నదే చెప్తాను."